నీళ్ళ దొంగ

కూర్మారావు నీళ్ళు దొంగిలించడం ఏ రోజున మానేశాడో దమయంతికి గుర్తులేదు. గుర్తుండాల్సింది. ఎందుకంటే అంతకుముందు అతను దొంగిలించని రోజంటూ లేదు.

కిడ్నీలు చెడినవాడికి నీళ్ళే గండం. వారానికి మూడుసార్లు పలాసలోని డయాలసిస్ కేంద్రానికి వెళ్ళి, మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకుని రక్తం కడిగించుకోవాలి. మధ్యలో తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుంది. కాళ్ళలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకని దమయంతి రోజూ పొద్దున్నే మొగుడికి నాలుగు చిన్న గ్లాసులు కొలిచి గూట్లో పెట్టేది. కూర్మారావు ఐదోదాని కోసం ఇల్లంతా వెతికేవాడు. ఒకసారి కోళ్ళకి పెట్టిన మూకుడు ఎత్తి తాగేశాడు.

"సిగ్గునేదేటి మావా? పెట్ట నీకేసి ఎలగ సూస్తందో సూడు!"

"సూడనీ. దానికి రెండు కిడ్నీలూ బాగున్నాయి. దాహమంటే దానికేటి తెలుస్తాది?"

దమయంతి తన నీళ్ళు మాత్రం పెరటి గోడ వెనక్కి వెళ్ళి తాగేది. గుటక చప్పుడు అతని చెవిన పడకూడదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో డయాలసిస్ మనిషున్న ప్రతి ఇంట్లోనూ అదే రివాజు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఆమె పగలు జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరుతుంది. గుండు ఒక బుట్టలోకి, బద్ద ఒక బుట్టలోకి, మచ్చపడ్డది ఎడమకి. చదివింది పదో తరగతి. మిగతాదంతా ఫోన్లో వీడియోలు చూసి తనే నేర్చుకుంది. అలా నేర్చుకునే 'మన వంతు' అనే వెబ్‌సైటు కట్టింది. కేంద్రంలో మిషన్లు కొన్నే, మనుషులు ఎందరో. ఎవరి వంతు ఎప్పుడు, ఏ మిషన్ చెడింది, ఎవరు రావడంలేదు, ఇవన్నీ అందులో ఉండేవి. లేకపోతే ముప్పై కిలోమీటర్లు ఆటోలో కుదిపించుకుని వచ్చి, కాళ్ళు వాచి, గేటు దగ్గర కూలబడి తిరిగివెళ్ళేవాళ్ళు.

వాళ్ళలో ఇంకో రివాజు ఉంది. ఒంట్లో కాస్త బాగున్నవాడు తన వంతు వదులుకుంటాడు. ఆయాసంతో ఉన్నవాడు దాన్ని అందుకుంటాడు. సైటులో ఒక పచ్చ గుర్తు పడేది: "ఇవాళ నేను బాగున్నాను. నా వంతు ఎవరైనా తీసుకోండి." పడిన రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు తన్నుకుపోయేవారు. అందుకే దమయంతి పేజీలో "వదిలినవి" అని గడి పెట్టిందిగానీ, "ఎవరూ తీసుకోనివి" అని గడి పెట్టలేదు. అలాంటిది ఎప్పుడైనా ఉంటేగా!

ఇదంతా ఉచితం. ఉచితం అన్నచోట ఎవడో ఒకడు చాటున కూర్చుని నములుతూనే ఉంటాడు. ఇక్కడ నమిలినవి ప్రకటనలు. సైటు తెరిచినవాడి వయసు, రోగం, ఊరు, ఏ పూట ఏడుస్తాడో అన్నీ తెలుసుకుని, సరిగ్గా ఆ పూటకే పసరుమందు, తాయెత్తు, చావు బీమా చూపించేవి. పాడుపని. ఆ పాడుపని మీదే సైటు బతికింది. ఆ నిజాన్ని ఒప్పుకోకుండా మాట్లాడేవాళ్ళ మాట నమ్మకండి.

చివరికి చట్టం వచ్చింది. ఎవడి వివరాలూ తీసుకోకూడదు, మనిషిని వెంటాడి ప్రకటన వెయ్యకూడదు. దమయంతి కూడా చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే సైటుకి రాబడి ఎండిపోయింది. ఎవడో తెలియనివాడికి సబ్బు చూపించడానికి ఎవడు డబ్బిస్తాడు? చందా అడగడానికి నోరు రాలేదు. ఆటో కిరాయికి మేకపిల్లని అమ్ముకునేవాళ్ళని ఏం అడుగుతుంది? పెద్దమనుషుల్ని అడిగింది. వాళ్ళు ఒక నెల మెచ్చుకున్నారు, రెండో నెల ఫోన్ ఎత్తలేదు. సర్వరు వాళ్ళు మూసేస్తామని ఉత్తరం రాశారు.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి మైత్రేయి పట్నాయక్ కబురు పెట్టింది. ఆవిడ ఒక ప్రయోగశాలలో మెదడు మీద పనిచేస్తుంది.

*

ప్రయోగశాలలో బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టారు. బూందీ లడ్డు, జీడిపప్పు పాకం, ఖర్జూరం.

"ఏది కావాలో తీసుకోండి," అంది మైత్రేయి. నలభై దాటిన మనిషి. మాట మెత్తన, ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు.

దమయంతి లడ్డు తీసుకుంది. "పాకం నాకొద్దమ్మా. పొద్దల్లా జీడిపప్పులోనే ములిగి ఉంటాను. ఖర్జూరమంటారా, నోట్లో బంక. పుట్టి బుద్ధెరిగాక తిన్లేదు."

తర్వాత ఆమెని ఒక తెర ముందు కూర్చోబెట్టారు. పదకొండు సెకన్లు. తెర మామూలుగానే ఉంది, ఎక్కడో నీటిమీద ఎండ పడ్డట్టు ఒక చిన్న వణుకు. ఆ తర్వాత ఖర్జూరం బొమ్మ. అంతే. మళ్ళీ పళ్ళేలు పెట్టారు. దమయంతి ఖర్జూరం తీసుకుని తింది. రెండోది కూడా తింది. ఇష్టంగా తినలేదు. కష్టంగానూ తినలేదు. చేతికి అది అందింది, తింది.

"చూశారా," అంది మైత్రేయి. "మీ పేరు నాకు అక్కర్లేదు. ఊరు, రోగం, ఏదీ అక్కర్లేదు. మనిషికి తగిన ప్రకటన వెతకడం పాత పద్ధతి. ఇది మనిషినే చదును చేస్తుంది. దున్ని చదునుచేసిన మడిలో ఏ విత్తనం వేసినా మొలుస్తుంది. చట్టానికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు."

"చదును సేసీసినాక మరి గట్లెవులు ఏస్తారు?"

"అరగంటలో మనసు తన గట్లు తనే వేసుకుంటుంది. రోజుకి రెండుమూడుసార్లు చూసేవాళ్ళ మీద ఏడాది పరీక్షించాం. నా మీద నేను మూడేళ్ళుగా చేసుకుంటున్నాను. నాకేం కాలేదు."

మామూలు సైటుని మనిషి రోజుకి రెండుమూడుసార్లే తెరుస్తాడు. డయాలసిస్ మనిషి 'మన వంతు'ని ఇరవైసార్లు, ముప్పైసార్లు తెరుస్తాడు. మిషన్ ఖాళీ అయిందా, తన పేరు జరిగిందా అని. ఆ సంగతి దమయంతికి తెలుసు. మైత్రేయి అడిగితే చెప్పేది. మైత్రేయి అడగలేదు. సైటు బతకాలి, కూర్మారావు వంతు తప్పకూడదు, దమయంతికి అప్పుడు కావలసింది అదొక్కటే. ఆ ప్రకటనలు సైటులో వెయ్యడానికి సంతకం పెట్టింది.

*

మొదట అంతా బాగుంది. నిజంగానే బాగుంది. దాన్ని దాచడం నాకు చేతకాదు.

సైటు ఆగలేదు. ఆ నెలలోనే ఫోన్లు మొదలయ్యాయి. ముందుగా చేసింది లోకనాథం మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు, మిషన్ మీద పడుకుని కూడా నర్సు చేత ఎక్కాలు చెప్పించేవాడు.

"ఏమే అమ్మడూ, ఏటి మంత్రమేసినావే? వారం నుంచి దాహమెయ్యట్లేదు!"

"మందేటైనా మార్సినారేటి మాస్టారూ?"

"మందూ లేదు, మాకూ లేదు. నీ సైటు సూస్తే సాలు, నాలిక సల్లబడిపోతంది. ఇన్నాళ్ళూ గ్లాసు కేసి సూసి ఏడిసినోణ్ణి. ఆ వణుకుడు బొమ్మ ఇంకోసారి ఎయ్యవే, నీకు పుణ్యముంటాది!"

డయాలసిస్ మనిషికి అన్నిటికన్నా పెద్ద కోరిక నీళ్ళే. చదును ముందుగా దాన్నే కోసేసింది. జనం పని లేకపోయినా సైటు తెరిచి కూర్చున్నారు. కూర్మారావు కూడా. గూట్లో నాలుగో గ్లాసు సాయంత్రానికి అలాగే ఉండిపోయేది. కోళ్ళ మూకుడు నిండుగా ఉండేది. దమయంతి సంతోషించింది. సైటు బాగోగులు చూసుకోవడానికి తనూ రోజంతా ఆ తెర ముందే కూర్చునేది కాబట్టి, ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. దాని చోట దుఃఖమూ రాలేదు.

ఆ తెర ఏది చూపిస్తే అది జనం కొన్నారు. ఒక నెల చక్రాల సూట్‌కేసులు చూపించింది, పసుపురంగువి. పలాస దాటి ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు, వెళ్ళలేనివాళ్ళు, ఇంటింటా ఒక పసుపు సూట్‌కేసు తెచ్చి మంచం కింద పెట్టారు. కూర్మారావూ తెచ్చాడు.

"దీంతో ఎక్కడికెల్తావు మావా?"

"ఎక్కడికీ ఎల్లను."

"మరెందుకు?"

"ఏమో."

ఇదివరకైతే ఆ మాట మీద వాళ్ళిద్దరూ పూటంతా పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు దమయంతి "సరే" అంది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని, అతని ఎదురుగానే గటగటా తాగింది. పెరటి గోడ గుర్తు రాలేదు. అతను చూశాడు, ఊరుకున్నాడు.

కార్ఖానాలో పక్కన కూర్చునే నీలవేణి మాత్రం ఒకరోజు మోచేత్తో పొడిచింది. "ఒలే, నిన్న నీ పుట్టింట్లో గేదె ఈనిందంట. ఆడదూడంట. నవ్వవేటే?"

"నవ్వుతాన్లే," అంది దమయంతి. ఆమె చేతులు పప్పు ఏరుతూనే ఉన్నాయి. గుండు, బద్ద, మచ్చ ఎడమకి. చేతులకి ఏమీ కాలేదు.

సైటులో పచ్చ గుర్తులు పెరిగాయి. ఇదివరకు వారానికి ఐదో ఆరో పడేవి. ఆ వారం నలభై ఒకటి పడ్డాయి. "నేను బాగున్నాను. నా వంతు ఎవరైనా తీసుకోండి." తెరంతా వరిమడిలా పచ్చగా ఉంది. మన జనానికి ఎంత మంచితనం అనుకుంది దమయంతి. మైత్రేయికి ఫోన్లో చెప్పింది కూడా. మైత్రేయి "మంచిది" అంది.

*

ఏడో వంతు వదిలిన మర్నాడు లోకనాథం మాస్టారు చనిపోయాడు.

దమయంతి వెళ్ళేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ళు దుంగల్లా వాచి ఉన్నాయి. ముఖం గుర్తుపట్టలేనట్టు ఉబ్బింది. మంచం కింద పసుపు సూట్‌కేసు, దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదు. మాస్టారి భార్య చిన్నమ్మి గోడకి జారబడి కూర్చుంది.

"నీళ్ళడగడం మానీసినారమ్మా," అంది. "మంచిదే కదా అనుకున్నాను. అన్నం కూడా అడగట్లేదు. మిషన్‌కి ఎల్దామంటే, నాకేటి తొందర, ఎవులైనా ఆయాసంతో ఉన్నోళ్ళు ఎల్తారు అనీవారు. ఎప్పుడూ పరోపకారమే కదా ఆయనది."

చిన్నమ్మి ఏడవడం లేదు. రోజూ సైటు తెరిచి మాస్టారికి వంతు చూసిపెట్టేది ఆవిడే.

దమయంతి అక్కణ్ణుంచి కేంద్రానికి నడిచింది. పట్టపగలు పదకొండు గంటలు. ఆ వేళకి గేటు దగ్గర తిరునాళ్ళలా ఉండాలి. ఎవరూ లేరు. లోపల పది మిషన్లకి మూడు నడుస్తున్నాయి. నర్సు సుగంధి ఖాళీ మంచం మీద కూర్చుని గాజుగుడ్డ మడతలు పెడుతోంది.

"సెలవేటి సుగంధీ?"

"సెలవెక్కడిది? మనుషుల్లేరు. పది రోజులబట్టీ ఇంతే. పైవోళ్ళకి రాసినాను, ఇంకా జవాబు లేదు. నీ సైటు సూసి ఏ మాయదారి నాటుమందుకో పోతన్నారనుకున్నాను."

"వదిలీసిన వంతులు ఎవులూ తీసుకోలేదా?"

"తీసుకోడానికి ఎవులున్నారే? అందరూ వదిలీసినోళ్ళే!"

దమయంతి ఫోన్ తీసి తను కట్టిన పేజీని చూసింది. తను మంచితనం అనుకున్న పచ్చదనం. తీసుకోనివాటికి అందులో గడి లేదు. తనే పెట్టలేదు. వేలితో కిందకి జరుపుతూ పోయింది. ఇవాళ్టి పేర్లలో కూర్మారావు పేరుంది. దాని పక్కన పచ్చ గుర్తు. నిన్నకాక మొన్నటిదాని పక్కన కూడా. పొద్దున అతను ఆటో ఎక్కడం ఆమె చూడలేదు. అడగనూ లేదు.

గుండె ఆగిపోవాలి. కాళ్ళు వణకాలి. అలాంటిదేమీ జరగలేదు. ఏదో పక్కింటివాళ్ళ సంగతి చదివినట్టు చదివింది. ఏం జరగాలో తెలుసు, అది రావడంలేదని కూడా తెలుసు. దాహం తీసేసినవాడు దాహం ఒక్కదాన్నే తీయలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. మొగుడు బతకాలన్న తపన కూడా అదే చాలులో ఉంది. నాగలి దాన్నీ కోసుకుపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి కూర్మారావు మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. పాదాలు వేలితో నొక్కితే గుంట పడుతోంది.

"నీ వంతు ఇచ్చీసినావేటి మావా?"

"ఇచ్చీసినాను. ఎవులికన్నా పనికొస్తాదని."

"లే. ఎల్దాం."

"నాకు అక్కర్లేదే."

"నాకూ అక్కర్లేదు," అంది దమయంతి. అది నిజం. "అయినా లే."

అతను లేచాడు. రానని మొండికెయ్యడానికైనా మనిషికి ఏదో ఒకటి కావాలనిపించాలి కదా. బస్తాని ఎక్కించినట్టు ఆటో ఎక్కించింది. సుగంధి మిషన్ తగిలించింది. గాజుగుడ్డ, సూది, గొట్టాల్లో ఎర్రగా తిరిగే రక్తం. దమయంతి పక్కన నిలబడి మైత్రేయికి ఫోన్ చేసింది.

"మీ చదునుకి గట్లు మల్లీ పడట్లేదమ్మా. మావోళ్ళు రోజుకి ముప్పైసార్లు సూస్తారు. ఒకాయన పోయినారు."

"ముప్పైసార్లా. అలా పరీక్షించలేదు," అంది మైత్రేయి. "అయ్యో" అనలేదు. "ఆపితే మీ సైటు పోతుంది. ఇంకా వందల సైట్లు దీని మీదే నడుస్తున్నాయి."

"ఆపనా?"

"ఆపండి."

"ఆపకపోతే?"

"ఆపకండి."

దమయంతి ఫోన్ వంక చూసింది. తిట్టిపోయడానికి అవతల శత్రువు కూడా లేదు. మూడేళ్ళ కిందటే చదునైపోయిన మడి ఒకటి ఉంది.

*

మర్నాడు సైటులో ఒక ప్రశ్న పెట్టింది. "ఈ ప్రకటన ప్రాణం తీస్తోంది. తీసేస్తే సైటు మూతపడొచ్చు. ఏం చెయ్యమంటారు?" సాయంత్రం దాకా ఒక్కరూ జవాబివ్వలేదు. అంతమంది చదివారు, అంతమందీ ఊరుకున్నారు.

ఆపాలని దమయంతికీ అనిపించలేదు. అనిపించేదాకా ఆగుదామనుకుంది. మూడు రోజులు ఆగింది. ఆ మూడు రోజుల్లో ఇంకో ఇద్దరు పోయారు.

నాలుగో రోజు కార్ఖానాలో బల్ల ముందు కూర్చుంది. పదహారేళ్ళప్పుడు ఆమెకి పని నేర్పిన ముసలావిడ అప్పలనరసమ్మ ఒకటే మాట చెప్పేది: "మచ్చ అగుపిస్తే ఆలోసించకు గుంటా. ఎడంకి తోసీ." తినబుద్ధి అవుతుందా, తోయబుద్ధి అవుతుందా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా దమయంతి చేతులు అదే చేస్తున్నాయి. మనసు ఎక్కడున్నా సరే, మచ్చపడ్డది ఎడమకి.

ఫోన్ తీసి బల్ల మీద పప్పు మధ్య పెట్టుకుంది. ప్రకటన తీసేసే మీట తెరిచింది. గుండు, బద్ద, గుండు, గుండు. మీట. బద్ద, గుండు.

"ఏటి నొక్కినావే?" అంది నీలవేణి.

"మచ్చ."

*

నెల తిరక్కుండానే 'మన వంతు' మూతపడింది. తెరిస్తే తెల్లటి పేజీ. కేంద్రం గేటుకి సుగంధి ఒక నల్లబల్ల తగిలించింది. వంతు వచ్చినవాడు తన తర్వాతివాడికి ఫోన్ చెయ్యాలి, వాడు ఇంకొకడికి. ఇదేమంత గొప్పగా నడవలేదు. కబురందక ఒకావిడ పూండి నుంచి వచ్చి, ఎండలో మూడు గంటలు నిలబడి తిరిగివెళ్ళింది. ఇంకొకాయన దారిలోనే పోయాడు. లక్ష్యం చూసి కొట్టే ప్రకటన లేకుండా ఉచితం బతుకుతుందా అని అడిగేవాళ్ళు ముందు ఆ గేటు దగ్గర ఒక పూట నిలబడాలి. బతకదని చెప్పేవాళ్ళూ నిలబడాలి.

జనానికి మెల్లగా గట్లు పడ్డాయి. ఎలా తెలిసిందంటే, తిట్లు మొదలయ్యాయి. "నా దాహం నాకు మల్లీ ఎందుకు తగిలించినావే పాపిస్టిదానా?" అని ఒకడు ఫోన్లో బావురుమన్నాడు. చిన్నమ్మి మాస్టారు పోయిన ముప్పై మూడో నాడు, చల్ల చిలుకుతూ, ఉన్నట్టుండి కవ్వం వదిలేసి ఏడవడం మొదలుపెట్టిందట. రెండు వీధుల అవతలికి వినపడిందని చెప్పారు.

దమయంతికి మాత్రం ఏమీ రాలేదు. అందరికన్నా ఎక్కువసేపు ఆ తెర చూసింది ఆమే. రోజూ నాలుగు గ్లాసులు కొలిచింది, కూర్మారావుని ఆటో ఎక్కించింది, దించింది.

ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి వాకిట్లో కోళ్ళ మూకుడు బోర్లా పడి ఉంది. అక్కణ్ణుంచి అరుగు దాకా తడి చారలు. కూర్మారావు గోడవైపు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు గురక పెడుతున్నాడు. చొక్కా కాలరు తడిగా ఉంది.

దమయంతి గుమ్మంలో నిలబడింది. కోపం వస్తుందేమోనని చూసింది. సంతోషం వస్తుందేమోనని చూసింది. రెండూ రాలేదు. వచ్చేదాకా ఆగలేదు ఈసారి.

"సిగ్గునేదేటి మావా," అంది, కంఠతా పట్టిన పద్యం అప్పజెప్పినట్టు. "పెట్ట నీకేసి ఎలగ సూస్తందో సూడు."

గురక ఆగింది. "సూసిందేటి?"

"సూసింది."

"అయితే సాచ్చం ఉందన్నమాట. కట్టీ కేసు." అతని భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు. "ఒలే దమయంతీ. ఇంకొక్క గుక్క. ఒక్కటంటే ఒక్కటి. సచ్చిపోతన్నానే."

"సావవు. రేపు నీ వంతు."

మూకుడు కడిగి, నీళ్ళు పోసి, అతనికి అందనంత ఎత్తున గోడ మీద పెట్టింది. కోళ్ళు ఎగిరి తాగుతాయి. గూట్లో మిగిలిన గ్లాసు తీసి కుండలో ఒంపేసింది. దొంగిలించినదానికి అది చెల్లు. కుండ మీద మూత పెట్టబోతూ ఆగింది.

గొంతులో ఏదో గీరుకుంటోంది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఎండలో నడిచొచ్చింది కదా. ఇది ఏమిటో తెలియడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది.

చెంబుతో నీళ్ళు ముంచింది. కూర్మారావు వీపువైపు ఒకసారి చూసింది. చెంబు కొంగుచాటు చేసుకుని, పెరటి గోడ వెనక్కి వెళ్ళి, చప్పుడు వినపడకుండా తాగింది.